99 తర్వాతి రాయి

బస్తర్ అన్న మాట మన కంటికి మూడు అక్షరాలు. కంప్యూటర్ మెమరీలో అదే మాట 18 బైట్లు. బ, స, స కింద త వత్తును నిలబెట్టే కంటికి కనిపించని పొల్లు, త, ర, చివరి పొల్లు. మొత్తం ఆరు గుర్తులు, ఒక్కోదానికి మూడేసి బైట్లు. ఇప్పుడు దాదాపు అన్ని ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘బ’ అంటే 224, 176, 172 అనే మూడు సంఖ్యలు. ‘స’ అంటే 224, 176, 184. పొల్లు అంటే 224, 177, 141. మనం ఒక మాట కోసం వెతికినప్పుడు మెషీను వెతికేది అక్షరాలను కాదు, ఈ సంఖ్యల వరుసను.

అట్టడుగున ఆ పని చేసే ఫంక్షన్లు కొన్నే. వాటిలో బాగా చాకిరీ చేసేది సీ భాష లైబ్రరీలోని మెమ్‌చర్. దానికి మూడు విషయాలు చెప్పాలి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ బైటు కావాలి, మహా అయితే ఎన్ని బైట్లు చూడాలి. దొరికితే ఆ చోటి అడ్రసు చెబుతుంది, దొరక్కపోతే ‘లేదు’ అంటుంది. డేటాబేసులు, వెబ్ సర్వర్లు, ఎడిటర్లు, భాషా నిఘంటువుల అప్లికేషన్లు, అన్నీ ఏదో ఒక దశలో దీన్నో దీని అన్నదమ్ముల్నో పిలుస్తాయి. పైన ఎంత అందమైన తెర ఉన్నా, కింద ఈ ఫంక్షను ‘లేదు’ అంటే పైవాళ్లంతా ఆ మాటే నమ్ముతారు. ఆ ‘లేదు’ కొన్నిసార్లు తప్పయింది. ఎందుకు తప్పయిందో, ఎలా దిద్దారో చెప్పుకోవాల్సిన కథ ఇది.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌తోనే ఎందుకు మొదలుపెట్టానంటే, వెతుకులాట కష్టమేమిటో అక్కడి రాతల్లో బాగా తెలుస్తుంది. దక్షిణాన కోంట, నైరుతి మూలన భోపాలపట్నం వైపు తెలుగు వినిపిస్తుంది. ప్రభుత్వ కాగితం హిందీలో ఉంటుంది. ఊళ్లో మాట గోండీ, హల్బీ, దోర్లీ. ఒకే ఫైలులో హిందీ వాక్యం, దాని కింద తెలుగు వాక్యం ఉన్నాయనుకుందాం. దేవనాగరి అక్షరాలన్నిటికీ మొదటి బైటు 224. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు 224. కాబట్టి ‘బస్తర్’ కోసం మొదటి బైటును పట్టుకుని వెతికితే ప్రతి మూడో బైటు దగ్గరా ‘దొరికింది’ అని ఆగాలి, తర్వాతి బైట్లు చూసి ‘కాదు’ అనుకుని కదలాలి. రెండో బైటు దేవనాగరికి 164 లేదా 165, తెలుగుకు 176 లేదా 177. అదీ పెద్దగా సాయపడదు. అసలు తేడా మూడో బైటులో ఉంది. ఇంగ్లిషు రాతను దృష్టిలో పెట్టుకుని మొదటి బైటు మీదే ఆధారపడి రాసిన వెతుకులాట మన లిపుల మీద చతికిలబడేది ఇందుకే. రస్ట్ భాషలో ఈ పని చేసే లైబ్రరీ ఒకటి, వెతకాల్సిన మాటలో ఏ బైటు సాధారణంగా అరుదో ముందే అంచనా వేసుకుని, దాన్ని పట్టుకుని వెతుకుతుంది. మన భాషలకు ఆ పద్ధతి ఎంతో మేలు.

గోండీ సంగతి ఇంకా చిక్కు. ఛత్తీస్‌గఢ్‌లో దాన్ని ఎక్కువగా దేవనాగరిలో రాస్తారు, మన వైపు తెలుగు లిపిలో రాస్తారు. పైగా దానికి సొంత లిపులు రెండు ఉన్నాయి. బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసరాం 1918లో రూపొందించిన లిపి 2017లో యూనికోడ్‌లో చేరింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన చేతిరాత పుస్తకాల లిపి 2018లో చేరింది. ఆ పుస్తకాలను వెలుగులోకి తెచ్చే పనికి జయధీర్ తిరుమలరావు ముందు నిలిచారు. ఈ రెండు లిపుల్లోనూ అక్షరానికి మూడు కాదు, నాలుగు బైట్లు. మొదటి రెండూ ఎప్పుడూ 240, 145. ఒకే గోండీ మాట నాలుగు లిపుల్లో నాలుగు వేర్వేరు సంఖ్యల వరుసలుగా మెమరీలో కూర్చుంటుంది.

2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. ఆ భాషలో డిజిటల్ రూపంలో ఉన్న రాత మాత్రం బహు కొద్ది. 2010లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర వంటి వేదికలు రాతను పక్కనపెట్టి ఫోనులో గొంతునే ఆధారం చేసుకున్నాయి. ఇంగ్లిషులో ఒక ఫైలులో ఒక మాట దొరక్కపోతే ఇంకో వెయ్యి ఫైళ్లలో దొరుకుతుంది, తప్పు ఎవరికీ కనబడదు. ఒక మాట మొత్తం సేకరణలో ఒకే ఒక్క చోట ఉన్న భాషలో, వెతికే ఫంక్షను ‘లేదు’ అంటే ఆ మాట లేనట్టే. చిన్న భాషల మీద పనిచేసేవాళ్లు లైబ్రరీ లోపలి సంగతులు తెలుసుకోవాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఇక తప్పు దగ్గరకు వద్దాం. జగదల్‌పూర్ నుంచి దర్భా, సుక్మా, దోర్నాపాల్ మీదుగా కోంటకు పోయే 30వ నంబరు జాతీయ రహదారిని ఊహించుకోండి. దాని పక్కన కిలోమీటరు రాళ్లు ఉన్నాయి. రాయి మీద రెండు అంకెలకే చోటు ఉందనుకుందాం: 00 నుంచి 99 వరకు. 99తో రోడ్డు అయిపోతుంది. మీరు 90వ రాయి దగ్గర నిలబడి ఉన్నారు. ‘ఇక్కడి నుంచి మహా అయితే 25 రాళ్లు చూడు, వాటిలో ఎర్ర గీత ఉన్న రాయి ఎక్కడుందో చెప్పు’ అన్నారు. గీత 93వ రాయి మీద ఉంది. చెప్పినవాళ్లకు అది ముందుకే ఉందని తెలుసు, ఎంత దూరమో తెలియదు, అందుకే కాస్త ఎక్కువ చెప్పారు. మీరు ముందుగా ఎక్కడ ఆగాలో లెక్క వేసుకున్నారు: 90, 25 కలిపితే 115. రెండు అంకెల్లో రాస్తే 15. ‘నేనున్న రాయి ఆగాల్సిన రాయి కంటే చిన్నదైతేనే ముందుకు పోవాలి’ అన్నది మీ నియమం. 90 అన్నది 15 కంటే చిన్నది కాదు. ఒక్క అడుగు కూడా వెయ్యకుండా ‘లేదు’ అని చెప్పేశారు.

పాయింటరు ఓవర్‌ఫ్లో అంటే సరిగ్గా ఇదే. మెమరీలో ప్రతి బైటుకూ ఒక అడ్రసు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను పట్టుకున్న దాన్ని పాయింటరు అంటారు. 32 బిట్ల మెషీనులో పాయింటరు 4,29,49,67,296 విలువలకు మించి చెప్పలేదు. దాటితే మళ్లీ సున్నా. 64 బిట్ల మెషీనులో ఆ హద్దు 1,84,46,74,40,73,70,95,51,616. ఇంత పెద్ద సంఖ్యను ఎవరు దాటుతారని అనిపిస్తుంది. మామూలు ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో ప్రోగ్రాములకు ఇచ్చే అడ్రసులు 47 బిట్లలో ఇమిడిపోతాయి కాబట్టి నిజమైన పొడవు ఏది కలిపినా హద్దు దాపులకు కూడా పోము. 32 బిట్లలో మాత్రం ప్రమాదం పక్కనే ఉంది. 64 బిట్ల లినక్స్ మీద నడిచే 32 బిట్ల ప్రోగ్రాములో తాత్కాలిక డేటా ఉండే స్టాక్ భాగం 4 జీబీ హద్దుకు ఆనుకుని ఉండొచ్చు. అక్కడ ఉన్న మాట మీద ఓ మోస్తరు ఉదారమైన పరిమితి ఇచ్చినా లెక్క తిరగబడుతుంది. చవక ఫోన్లలో 32 బిట్ల వ్యవస్థలు చాలా కాలం కొనసాగాయి. 2017లో వచ్చిన జియోఫోను ర్యామ్ 512 ఎంబీ. 2018లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన కింద స్మార్ట్‌ఫోన్లు పంచిన రోజులు కూడా అవే. కొత్త మెషీన్ల మీద మాత్రమే పరీక్షించి ‘మాకు ఎప్పుడూ రాలేదు’ అనేవారికి ఈ తప్పు కనబడకపోవడం సహజం.

64 బిట్లలో నిజమైన పొడవుతో హద్దు దాటలేం అన్నాను. నిజం కాని పొడవుతో దాటొచ్చు, చాలామంది దాటారు కూడా. ఒక్కోసారి ప్రోగ్రామరుకు తాను వెతికే బైటు ముందెక్కడో కచ్చితంగా ఉందని తెలుసు, ఎంత దూరమో తెలియదు. అప్పుడు ‘ఎన్ని బైట్లు చూడాలి’ అన్న గడిలో ఆ గడికి పట్టే గరిష్ఠ సంఖ్యను పెడతాడు. పరిమితి లేదు, దొరికేదాకా చూడు అని దాని అర్థం. ఇది అక్రమం కాదు. 2011 నాటి సీ ప్రమాణం, మెమ్‌చర్ బైట్లను వరుసగా చదువుతూ కావలసింది దొరకగానే ఆగినట్టే ప్రవర్తించాలని రాసింది. అంటే దొరికిన చోటుకు అవతల ఏముందో, అసలు మెమరీ ఉందో లేదో ఫంక్షనుకు అనవసరం. గరిష్ఠ సంఖ్య ఇచ్చినా సరైన జవాబు చెప్పాల్సిన బాధ్యత దానిదే. కాని ‘మొదలు’కు ఆ గరిష్ఠాన్ని కలిపి ‘చివర’ లెక్కగట్టే ఫంక్షనుకు ఎప్పుడూ చివర మొదలు కంటే వెనకే వస్తుంది.

ఈ ఫంక్షన్లు ఇంత చిన్నవి కదా, ఒక్కో బైటు చూసుకుంటూ, మిగిలిన లెక్క తగ్గించుకుంటూ పోతే గొడవే లేదు కదా అని అడగొచ్చు. ఒక్కో బైటు చూస్తే చాలా నెమ్మది. అందుకే నాలుగేసి లేదా ఎనిమిదేసి బైట్లను ఒకే సంఖ్యగా తీసుకుని, వాటిలో సున్నా బైటు ఉందో లేదో ఒక తీసివేత, రెండు మూడు బిట్ల పనులతో తేల్చే ఉపాయం వచ్చింది. దాన్ని 1987లో అలన్ మైక్రాఫ్ట్ చెప్పాడు. సున్నా కాకుండా వేరే బైటు కావాలంటే ముందు ఆ బైటుతో ఎక్స్‌క్లూజివ్ ఆర్ చేస్తే, కావలసిన బైటు ఉన్న చోట సున్నా వస్తుంది. తర్వాత ప్రాసెసర్లలో ఎస్‌ఎస్‌ఈ2 ఆదేశాలు వచ్చి 16 బైట్లను, ఏవీఎక్స్2 ఆదేశాలు వచ్చి 32 బైట్లను ఒక్క దెబ్బకు పోల్చడం సాధ్యమైంది. లినక్స్ మెషీన్లలో ఎక్కువ వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో ఈ ఫంక్షన్లను ఒక్కో ప్రాసెసరుకు విడివిడిగా, చేత్తో, అసెంబ్లీలో, అంటే దాదాపు ప్రాసెసరు ఆదేశాల భాషలోనే రాస్తారు. వేగం అక్కడి నుంచే వచ్చింది, తప్పు కూడా అక్కడే దూరింది.

గ్లిబ్‌సీలో 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల 2016 నాటి మెమ్‌చర్‌ను తీసుకుందాం. అది 16 బైట్ల కట్టలుగా చదువుతుంది. ప్రాసెసరు మెమరీని 64 బైట్ల క్యాష్ లైన్లుగా తెచ్చుకుంటుంది. వెతకాల్సిన చోటు ఒక లైనులో 48వ స్థానం లోపు ఉంటే 16 బైట్లూ అదే లైనులో పడతాయి. 49 నుంచి 63 వరకు ఏ స్థానంలో మొదలైనా 16 బైట్ల కట్ట పక్క లైనులోకి పోతుంది, ఒక్కోసారి మనది కాని మెమరీ పేజీలోకీ పోవచ్చు. దాన్ని తప్పించడానికి ఆ ఫంక్షను కాస్త వెనక్కి జరిగి, 16తో భాగించబడే చోటు నుంచి కట్టను చదివి, మొదటి కొన్ని బైట్లను పట్టించుకోకుండా వదిలేస్తుంది. ఎన్ని బైట్లు వెనక్కి జరిగిందో అన్నీ మిగిలిన లెక్కకు కలిపి, చదివిన 16 తీసేస్తుంది. ఉదాహరణకు 5 బైట్లు వెనక్కి జరిగితే, మిగిలింది అంటే మొదటి లెక్కకు 5 కలిపి 16 తియ్యాలి. చదువుకునేటప్పుడు ఇందులో తప్పేమీ కనబడదు.

ఇచ్చిన లెక్క గరిష్ఠ సంఖ్య అయితే? దానికి 5 కలపగానే హద్దు దాటి 4 అవుతుంది. అందులోంచి 16 తీస్తే సున్నా కంటే తక్కువ. ‘మిగిలింది ఏమీ లేదు’ అనుకుని ఫంక్షను ‘లేదు’ అని తిరిగొస్తుంది. గీత ఉన్న రాయి మరో కట్టలో, 20 బైట్ల అవతలే ఉన్నా సరే. అంటే ఒకే మాటను, ఒకే పిలుపుతో వెతికితే, ఆ మాట మెమరీలో ఎక్కడ పడిందన్న అదృష్టాన్ని బట్టి 64 స్థానాల్లో 15 చోట్ల తప్పు జవాబు, మిగతా 49 చోట్ల ఒప్పు జవాబు. ప్రోగ్రామర్లకు ఇంతకంటే బాధ పెట్టే తప్పు లేదు. ప్రోగ్రాము ఆగిపోదు, ఏ హెచ్చరికా రాదు, మళ్లీ నడిపితే సరిగా కూడా పనిచేస్తుంది. నా దృష్టిలో కుప్పకూలే ప్రోగ్రాము కంటే, నెమ్మదిగా ‘లేదు’ అని చెప్పే ప్రోగ్రాము ఎక్కువ హాని చేస్తుంది.

2016 డిసెంబరులో ఈ తప్పును దిద్దారు. 2017 ఫిబ్రవరిలో వచ్చిన గ్లిబ్‌సీ 2.25లో ఆ దిద్దుబాటు అందరికీ చేరింది. దిద్దుబాటు చూస్తే ముచ్చటేస్తుంది, రెండే కొత్త ఆదేశాలు. కూడిక హద్దు దాటినప్పుడు ప్రాసెసరు క్యారీ ఫ్లాగ్ అనే ఒక బిట్టును 1 చేస్తుంది. కూడిన వెంటనే, ప్రాసెసరు లోపల సంఖ్యను పట్టుకునే రిజిస్టరు అనే గడిలోంచి దాన్నే తీసేసి, దాంతోపాటు క్యారీని కూడా తీసేసే ఆదేశం పెట్టారు. క్యారీ లేకపోతే ఆ రిజిస్టరులో సున్నా మిగులుతుంది, ఉంటే అన్ని బిట్లూ 1 అవుతాయి. దాన్ని కూడిక ఫలితంతో ‘ఆర్’ చేశారు, అంటే రెండింటిలో ఏ ఒక్కదానిలో 1 ఉన్నా ఆ బిట్టు 1 అవుతుంది. హద్దు దాటకపోతే ఫలితం మారదు. దాటితే ఫలితం గరిష్ఠ సంఖ్య దగ్గరే నిలిచిపోతుంది. 99 దాటితే 99 దగ్గరే ఆగిపోయే లెక్క ఇది. ఎక్కడా ‘అయితే, కాకపోతే’ అని దారి చీలలేదు కాబట్టి వేగానికీ నష్టం లేదు. గరిష్ఠం దగ్గర నాలుగైదు అంకెలు పోయినా ఎవరికీ నష్టం లేదు, అంత మెమరీ లోకంలో ఏ మెషీనుకూ లేదు.

ఇదే కాలంలో పవర్ ప్రాసెసర్ల మెమ్‌చర్‌లోనూ, 32 బిట్ల ఇంటెల్ మెమ్‌చర్‌లోనూ ఇదే జాతి తప్పు బయటపడింది. ఒకే ఆలోచనతో వేర్వేరు మెషీన్లకు రాసిన కోడు కాబట్టి ఒకే రోగం. 32 బిట్లదాని కథ మరీ ఆసక్తికరం. దానికి మొదట వేసిన మందు పనిచెయ్యలేదు. చివరి అడ్రసును లెక్కగట్టి, ఆ తర్వాత క్యారీ ఫ్లాగ్ చూసి హద్దు దాటిందో లేదో తేల్చాలన్నది ఆలోచన. ఆలోచన సరైనదే. కాని కూడడానికి వాడిన ఆదేశం లీ. ఇంటెల్ ప్రాసెసర్లలో లీ ఆదేశం రెండు సంఖ్యలను చక్కగా కూడుతుంది, ఫ్లాగులను మాత్రం ముట్టుకోదు. కాబట్టి తర్వాతి పరీక్ష చూసింది ఈ కూడిక తాలూకు క్యారీని కాదు, అంతకు ముందెప్పటిదో. 16ను తీసివేయడం కూడా ఉండకూడని చోట ఉంది. తర్వాతి దిద్దుబాటులో, 64 బిట్ల కోడులో ఉన్న క్రమాన్నే తెచ్చి పెట్టారు: ముందు హద్దు దాటిందేమో చూడు, ఆ తర్వాత ఫ్లాగులను నిజంగా మార్చే తీసివేత ఆదేశం వాడు. అసెంబ్లీ నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. ‘కూడిక’ అని మనం ఒకే పేరుతో పిలిచే పనికి ప్రాసెసరులో రెండు దారులున్నాయి, ఒకటి జరిగిందేమిటో రాసి పెడుతుంది, రెండోది పెట్టదు.

2021లో అదే రోగం మరో వేషంలో వచ్చింది. ఈసారి కూడిక కాదు, గుణకారం. లినక్స్‌లో వైడ్ క్యారెక్టర్ అనే రూపంలో ఏ లిపిలోని ఒక్కో గుర్తుకైనా నాలుగు బైట్లు. అందులో బస్తర్ 24 బైట్లు. వైడ్ అక్షరాల్లో వెతికే ఫంక్షనుకు ‘ఎన్ని అక్షరాలు’ అని చెబుతాం. అది లోపల నాలుగుతో గుణించి బైట్లలోకి మార్చుకుంటుంది. 2 పక్కన 62 ఘాతం పెడితే వచ్చే సంఖ్యను ఇస్తే, నాలుగుతో గుణించగానే సరిగ్గా సున్నా. సున్నా బైట్లలో వెతికితే ఏం దొరుకుతుంది? ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ 2.34లో వీటిని కూడా సరిచేశారు.

ఇదంతా అసెంబ్లీ సంగతి. సీ భాషలో రాస్తే ఇంకో ప్రమాదం ఉంది, అది ఇంకా లోతైనది. జాగ్రత్తపరుడైన ప్రోగ్రామరు ‘మొదలుకు పొడవు కలిపితే మొదలు కంటే చిన్నదొస్తే హద్దు దాటినట్టు, అప్పుడు తప్పని చెప్పు’ అని ఒక తనిఖీ రాస్తాడు. చూడ్డానికి పకడ్బందీగా ఉంది. కాని సీ ప్రమాణం ప్రకారం పాయింటరు తన డేటా చివరి బైటు పక్కనున్న చోటు దాటి పోకూడదు. పోతే ఏం జరుగుతుందో భాష ఏ హామీ ఇవ్వదు. ఆ రాతను మెషీను ఆదేశాల్లోకి మార్చే కంపైలరు దీన్ని ఇలా అర్థం చేసుకుంటుంది: సరైన ప్రోగ్రాములో పాయింటరు హద్దు దాటదు, కాబట్టి పొడవు కలిపాక చిన్నది కావడం అసంభవం, అసంభవమైన దానికి తనిఖీ ఎందుకు? తనిఖీని మొత్తంగా తీసేస్తుంది. రాసిన కాపలా ప్రోగ్రాములో ఉండదు. 2008 ఏప్రిల్‌లో అమెరికాలోని సెర్ట్ సంస్థ జీసీసీ కంపైలరు విషయంలో ఈ మేరకు హెచ్చరిక జారీ చేసింది. లినక్స్ కెర్నెల్‌ను ఇలాంటి ఊహలు చెయ్యవద్దని కంపైలరుకు ప్రత్యేకంగా చెప్పి మరీ తయారుచేస్తారు. 2025లో వచ్చిన క్లాంగ్ కంపైలరు 20వ వెర్షను ఈ తరహా తనిఖీలను ఇంకా గట్టిగా తొలగించడం మొదలుపెట్టింది, దాంతోపాటు ఆపుకోవడానికి ఒక ఐచ్ఛికాన్నీ ఇచ్చింది. కంపైలరు రాసేవాళ్లను తప్పుపట్టడం సులువు, కాని వేగమైన ప్రోగ్రాములు మనకు వచ్చేది ఇలాంటి ఊహల వల్లే. నిబంధన తెలిసి రాయడమే దారి.

ఆ దారి చాలా సాదా. కూడికను తీసివేతగా మార్చాలి. ‘నేనున్న చోటుకు వెతికే మాట పొడవు కలిపితే చివర లోపే ఉందా’ అని అడక్కూడదు. ‘చివరకూ నేనున్న చోటుకూ మధ్య మిగిలింది వెతికే మాట పొడవుకు సరిపోతుందా’ అని అడగాలి. గణితంలో రెండూ ఒకటే. మెషీనులో ఒకటి కాదు. నిజంగా ఉన్న రెండు చోట్ల మధ్య తేడా ఎప్పుడూ నిజంగా ఉన్న మెమరీ అంత ఉంటుంది, అది హద్దు దాటే అవకాశం లేదు. మొదటి ప్రశ్న లేని చోటును ఊహించి అడుగుతుంది, రెండో ప్రశ్న ఉన్న చోట్లతోనే సరిపెట్టుకుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మిగిలినదాన్ని లెక్కపెట్టడం దానంతట అదే రక్షణ కాదు. పైన చెప్పిన 64 బిట్ల మెమ్‌చర్ లెక్కపెట్టింది మిగిలినదాన్నే. ముందు కలిపి తర్వాత తీసేసింది, అక్కడే దెబ్బతింది. 5 కలిపి 16 తియ్యడానికి బదులు నేరుగా 11 తీస్తే హద్దు జోలికే పోము. ‘చివర’ అడ్రసు కావాల్సిందే అనుకుంటే, గ్లిబ్‌సీ సీ భాషలో రాసుకున్న మెమ్‌చర్‌లో లాగ, పాయింటరును ముందు రుణ విలువలు లేని (అన్‌సైన్డ్) పూర్ణసంఖ్యగా మార్చి, గరిష్ఠం దగ్గర నిలిచిపోయే కూడిక చెయ్యాలి. అన్‌సైన్డ్ పూర్ణసంఖ్యల కూడిక హద్దు దాటినా భాష దానికి స్పష్టమైన అర్థం చెప్పింది కాబట్టి కంపైలరు ఆ తనిఖీని తియ్యలేదు.

ఈ కూడిక తప్పు ఎంత పెద్దవాళ్లనైనా పట్టుకుంటుందని చెప్పడానికి మరో ఉదాహరణ చాలు. వరుసక్రమంలో ఉన్న జాబితాలో సగం సగం చేసుకుంటూ వెతికే బైనరీ సెర్చ్‌ను జాన్ బెంట్లీ 1986లో వచ్చిన తన పుస్తకంలో సరైనదని రుజువు చేసి మరీ చూపాడు. 2006 జూన్‌లో జాషువా బ్లాక్, జావా లైబ్రరీలో తాను రాసిన బైనరీ సెర్చ్ తప్పని లోకానికి చెప్పాడు. కింది హద్దు, పై హద్దు కలిపి రెండుతో భాగించి మధ్య స్థానం తీస్తారు కదా, జాబితాలో 1,07,37,41,824 లేదా అంతకంటే ఎక్కువ అంశాలుంటే ఆ కూడిక పొర్లి రుణసంఖ్య అవుతుంది. మందు అదే: పై హద్దులోంచి కింది హద్దు తీసి, సగం చేసి, కింది హద్దుకు కలపాలి. బెంట్లీ పుస్తకం వచ్చిన రోజుల్లో అంత జాబితా పట్టే మామూలు మెషీను లేదు. రుజువు కాగితం మీది సంఖ్యలకు సరిపోయింది, మెషీనులోని సంఖ్యలకు సరిపోలేదు.

తెలుగువాళ్లకు బాగా గుర్తున్న తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం, ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక గుర్తుతో కలిపి పంపితే, ఐఫోన్లలో మెసేజ్ అప్లికేషన్లు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి, మెమరీ చెడిపోయే లోపాన్ని సరిచేశామని ప్రకటించింది. అది పాయింటరు లెక్క పొర్లడం కాదు, అక్షరాలను తెర మీద పేర్చే కోడులోని లోపం. కాని రెండింటికీ మూలం ఒకటే: ఎవరూ నడవని మూల. జ, పొల్లు, ఞ, వాటి తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఈ క్రమాన్ని ఆ కోడు రాసిన చోట ఎవరూ పరీక్షించినట్టు లేదు. గుంజాల గోండీ అక్షరాలతో రోజూ పరీక్షలు నడిపేవాళ్లు ఎందరుంటారో ఊహించుకోవచ్చు.

మెమ్‌చర్ తప్పు ఇన్నాళ్లు బతకడానికి కారణం కూడా పరీక్షల్లోనే ఉంది. గ్లిబ్‌సీ మెమ్‌చర్ పరీక్ష, డేటాను మెమరీలో వేర్వేరు స్థానాల్లో పెట్టి చూస్తుంది. కాని ఆ స్థానాన్ని 0 నుంచి 7 వరకే కత్తిరించే ఒక చిన్న వాక్యం అందులో ఉండేది. ఎనిమిదేసి బైట్లు చదివే రోజుల్లో అది సరిపోయేది. 16 బైట్ల కోడు వచ్చాక కూడా పరీక్ష మారలేదు, కాబట్టి 49 నుంచి 63 వరకున్న స్థానాల్లోకి అది ఎన్నడూ అడుగుపెట్టలేదు. 2016 దిద్దుబాటులో కోడుతోపాటు ఆ కత్తిరింపునూ ఎత్తేసి, గరిష్ఠ సంఖ్యతో వెతికే పరీక్షలు చేర్చారు.

ఇలాంటి పరీక్ష రాయడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. జగదల్‌పూర్ ఇంజనీరింగ్ కాలేజీలోనైనా, భద్రాచలం పాలిటెక్నిక్‌లోనైనా ఒక లినక్స్ కంప్యూటరు చాలు. పక్కపక్కన రెండు మెమరీ పేజీలు తీసుకుని, రెండోదాన్ని ఎవరూ ముట్టకూడదని మూసెయ్యాలి. ఫంక్షను ఒక్క బైటు అటు చదివినా ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోతుంది. మొదటి పేజీలో వెతకాల్సిన బైటును చివరి స్థానంలో పెట్టాలి. మొదలుపెట్టే చోటును 64 స్థానాల్లోనూ ఒక్కొక్కటిగా జరపాలి. పొడవు గడిలో సున్నా, ఒకటి, నిజమైన పొడవు, దానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, గరిష్ఠంలో నాలుగో వంతు, సగం, గరిష్ఠానికి ఒకటి తక్కువ, చివరికి గరిష్ఠం. ప్రతి జవాబునూ, ఒక్కో బైటు చూసుకుంటూ పోయే నాలుగు వరుసల సాదా ఫంక్షను ఇచ్చే జవాబుతో పోల్చాలి. అదే ప్రోగ్రామును 32 బిట్లకు కూడా తయారుచేసి నడపాలి, పాయింటరు హద్దు దాటితే పట్టిచ్చే శానిటైజరును కంపైలరులో ఆన్ చేసి ఇంకోసారి నడపాలి. వెతికే బైట్లుగా 224నీ, 240నీ, 145నీ తీసుకోవాలి.